మూడణాల తోరణం

(హనుమకొండలో తపాలా బిళ్లల సేకర్తలు, చరిత్ర విద్యార్థులు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఈ సేకరణలో నాకంటే ముందు నడిచినవారికి, చరిత్ర చదువుకుంటున్న విద్యార్థులకు నమస్కారం.

నిర్వాహకులు నన్ను ఒక స్టాంపు గురించి మాట్లాడమన్నారు. నిజాం ప్రభుత్వం తన చివరి రోజుల్లో వేసిన మూడణాల స్టాంపు అది. దాని మీద మన వరంగల్ కోటలోని కాకతీయ తోరణం ఉంది. రంగు నీలం, కొన్ని బిళ్లల్లో ఆ నీలం ఆకుపచ్చ వైపు మొగ్గి కనిపిస్తుంది. స్వయంభూ దేవాలయం చుట్టూ నాలుగు దిక్కులా నిలిచిన నాలుగు తోరణాలను, వాటి పైకొసల మీది హంసలను, దూలం కింది తామర మొగ్గలను చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగినవాళ్లం కనుక, అంత చిన్న కాగితం మీద రాతి పనితనమంతా పట్టకపోయినా, మనలో ఎవరైనా ఆ బొమ్మను చూడగానే గుర్తుపడతారు. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో ఈ తోరణం చేరడం మనందరికీ తెలుసు. అంతకు ఆరు దశాబ్దాలకు పైగా ముందే అది ఉత్తరాల మీద ప్రయాణం చేసిందన్న సంగతి మాత్రం ఈ ఊళ్లోనే చాలామందికి తెలియదు.

ఆ స్టాంపు ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే నిజాం స్టాంపుల చరిత్రను కొంచెం తిరగేయాలి. 1869లో లండన్‌లోని నిస్సెన్ అండ్ పార్కర్ సంస్థ అచ్చువేసిన ఒక అణా స్టాంపుతో ఆ చరిత్ర మొదలైంది. మరుసటి ఏడాది అర్ధణా, రెండణాల స్టాంపులు వచ్చాయి. వాటి పలకలను నిజాం రాజ్యంలోనే చేత్తో చెక్కించారు. అందువల్ల ఒక్కో విలువకు 240 రకాలు ఏర్పడ్డాయి, అంటే ఒక పలకలోని బిళ్లల్లో ఏ రెండింటినీ పక్కపక్కన పెట్టినా గీతలోనో అక్షరంలోనో తేడా కనిపిస్తుంది. నిజాం స్టాంపులు సేకరించేవారిలో కొందరు జీవితమంతా ఆ 240 రకాలను ఒక వరుసలో కూర్చడానికే వెచ్చించారంటే అతిశయోక్తి కాదు. ఆ తర్వాత, 1871 నుంచి, బ్రాడ్‌బరీ విల్కిన్సన్ సంస్థ చెక్కిన నమూనా దశాబ్దాల పాటు నడిచింది. సర్కారు కాగితాలకు వాడే బిళ్లల మీద 1873 నుంచి ఉర్దూలో ‘సర్కారీ’ అని అదనపు ముద్ర వేసేవారు. ఈ ‘సర్కారీ’ ముద్ర సంగతి గుర్తుంచుకోండి, దానితో మనకు మళ్లీ పని ఉంది.

కట్టడాల బొమ్మలు 1931లో వచ్చాయి. ఒక అణా మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాల మీద అజంతా గుహల ప్రవేశం, పన్నెండణాల మీద బీదరు మదర్సా, రూపాయి బిళ్ల మీద దౌలతాబాదు విజయస్తంభం. 1937లో ఏడవ నిజాం రజతోత్సవానికి నాలుగు స్టాంపులు వేశారు: యునానీ దవాఖానా, ఉస్మానియా దవాఖానా, ఉస్మానియా విశ్వవిద్యాలయం, జూబ్లీ హాలు. ఈ పదింటినీ ఒక్క చూపులో చూడండి. సగానికి పైగా హైదరాబాదు నగరానివే; మిగిలినవాటిలో ఔరంగాబాదు వైపువి రెండు, బీదరుది ఒకటి, నగరానికి నీళ్లిచ్చే చెరువు ఒకటి. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాదు, నిజామాబాదు, మెదక్, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి ఒక్క రాయి కూడా అందులో లేదు. రాజ్యానికి ఆదాయం పెట్టిన జిల్లాలు ఇవి, గొలుసుకట్టు చెరువులు, రామప్ప, వేయిస్తంభాల గుడి ఉన్న జిల్లాలు ఇవి. నేను దీన్ని ఫిర్యాదుగా చెప్పడం లేదు; ఒక ప్రభుత్వం తన ముఖాన్ని ఎలా చూపించుకోవాలనుకుంటుందో దాని స్టాంపులు చెబుతాయి కనుక చెబుతున్నాను.

1947 ఫిబ్రవరిలో టౌన్‌హాలు బొమ్మతో ఒక అణా స్టాంపు వచ్చింది. ఆ వెనుకే 1947–49 మధ్య మరో మూడు వచ్చాయి. ఒక అణా నాలుగు పైసల బిళ్ల మీద హైదరాబాదు విద్యుత్ కేంద్రం, ఆరణాల బిళ్ల మీద గోలకొండ కోట, ఈ రెంటికీ నడుమ మూడణాల మీద మన తోరణం. దాదాపు ఎనభై ఏళ్లు నడిచిన నిజాం తపాలాలో, హైదరాబాదు, దాని పరిసరాలు దాటి తెలంగాణ జిల్లాలకు చెందిన ఒక కట్టడం స్టాంపు మీదికి రావడం అదే మొదలు, అదే చివర. అందుకే నాకు ఆ బిళ్ల మీద అంత మమకారం.

ఇక్కడ ఒక ప్రశ్న సహజంగా వస్తుంది. ఆ స్టాంపు అంత అరుదైనదా? వాడని స్టాంపుగా అయితే కాదు. జిగురుతో, చెక్కు చెదరకుండా ఉన్న బిళ్లలు ఇవాళ కూడా అందుబాటు ధరకు దొరుకుతాయి. ఈ సభలోనే నలుగురైదుగురి దగ్గర ఉండి ఉంటాయి. నేను వెతుకుతున్నది అది కాదు. తోరణం ఉన్న ఊళ్లోనే, తోరణం బొమ్మ అతికించి, వరంగల్ తపాలా ముద్ర పడి, బట్వాడా జరిగిన పూర్తి కవరు కావాలి. వరంగల్ కాకుంటే హనుమకొండ, కాజీపేట ముద్రలైనా నాకు సమ్మతమే. స్టాంపు, ముద్ర, చిరునామా, వెనుకవైపు చేరిన ఊరి ముద్ర, ఈ నాలుగూ ఒకే కాగితం మీద ఉండాలి. అటువంటిది నా కంటికి ఇంతవరకు కనిపించలేదు. అరుదు అన్న మాటను నేను వాడుతున్నది ఈ అర్థంలోనే.

ఎందుకు కనిపించలేదన్నది ఆలోచిస్తే ఒకదాని వెంట ఒకటి కారణాలు తేలుతాయి. మొదటిది కాలం. 1947లో మొదలైన ఈ వరుస 1950లో నిజాం స్టాంపుల స్థానంలో భారత ప్రభుత్వ స్టాంపులు వచ్చేదాకానే చెల్లింది. అంటే అటూఇటుగా మూడేళ్లు. ఆ మూడేళ్లు ఎటువంటివో ఈ ప్రాంతపు పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. 1946 ఆగస్టులో ఈ కోటలోనే, జాతీయ జెండా ఎగరేసిన సందర్భంలో, బత్తిని మొగిలయ్యను రజాకార్లు చంపారు. మరుసటి ఏడాది నుంచి అదే కోట బొమ్మ అదే ప్రభుత్వపు స్టాంపు మీద ఊరూరా తిరిగింది. ఒకవైపు సాయుధ పోరాటం, ఒకవైపు రజాకార్ల దాడులు, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, ఆ తర్వాత కూడా 1951 దాకా పల్లెల్లో క్యాంపులు, గాలింపులు. ఇంట్లో దొరికిన ఉత్తరమే మనిషి ప్రాణం మీదికి తెచ్చే రోజుల్లో ఉత్తరాలను ఎవరు దాస్తారు? చదివి పొయ్యిలో పెట్టినవారిని తప్పుపట్టలేం.

రెండవది విలువ. పన్నెండు పైసలు ఒక అణా, పదహారణాలు రూపాయి అయిన ఉస్మానియా సిక్కా, అంటే నిజాం రాజ్యపు సొంత నాణేల లెక్కలో మూడణాలంటే మామూలు ఉత్తరానికి అతికించే మొత్తం కాదు. బరువైన కవరుకో, రిజిస్టరు ఉత్తరానికో అటువంటి విలువ పనికొస్తుంది. ఈ రెండూ సామాన్యుడి ఇంటికి అరుదుగా వచ్చేవే.

మూడవ కారణం అసలైనది, దాని దగ్గర కొంచెం ఆగుతాను. నిజాం స్టాంపులు నిజాం రాజ్యంలోనే చెల్లేవి. బెజవాడకో, మద్రాసుకో, బొంబాయికో ఉత్తరం రాయాలంటే బ్రిటిషిండియా స్టాంపు కావలసిందే. అందుకోసం రాజ్యం లోపల బ్రిటిషిండియా తపాలా కార్యాలయాలు కూడా ఉండేవి. కనుక వరంగల్ వ్యాపారి బెజవాడ వ్యాపారికి రాసిన ఉత్తరాల కట్ట ఎంత పెద్దది దొరికినా అందులో తోరణం ఉండే అవకాశం లేదు. ఇక రాజ్యం లోపలికి రాసిన ఉత్తరాల సంగతి. ఉత్తరం రాసిన చోట మిగలదు, చేరిన చోట మిగులుతుంది. వరంగల్‌లో డబ్బాలో వేసిన కవరు వరంగల్ ఇళ్లలో ఉండదు. మన పాత ఇళ్ల అటకల మీద దొరికే ఉత్తరాలన్నీ హైదరాబాదు నుంచో, కరీంనగర్ నుంచో, నాందేడు నుంచో ఇక్కడికి వచ్చినవి. మరి వరంగల్ ముద్ర పడినవి ఎక్కడున్నాయి? ఆనాటి పదహారు జిల్లాల్లో చిరునామాదారు ఎక్కడుంటే అక్కడ ఉన్నాయి. తెలంగాణ ఎనిమిది జిల్లాలు పోను మిగిలినవి మరాఠ్వాడాలో అయిదు, కన్నడ ప్రాంతంలో మూడు. 1956లో రాజ్యం మూడు ముక్కలైంది. ఔరంగాబాదు, పర్భణీ, నాందేడు, బీడు, ఉస్మానాబాదు ఒక రాష్ట్రంలోకీ, బీదరు, గుల్బర్గా, రాయచూరు మరో రాష్ట్రంలోకీ వెళ్లాయి. వాటితో పాటు మన ఊరి ఉత్తరాలు కూడా సరిహద్దులు దాటిపోయాయి.

ఈ సంగతి తేటపడ్డాక వెతకవలసిన చోట్లు మారిపోతాయి. స్టాంపుల ఆల్బములు పక్కన పెట్టి, వరంగల్ నుంచి ఎవరికి, ఏ పని మీద, రాజ్యం లోపల బరువైన ఉత్తరాలు వెళ్లి ఉంటాయని అడగాలి. నాకు రెండు సమాధానాలు తోచాయి.

ఒకటి వ్యాపారం. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు, ధాన్యం, పత్తి, మిర్చి కొనుగోళ్లు, బీట్ బజారు దుకాణాలు, వీటన్నిటికీ మరాఠ్వాడా పత్తి ఊళ్లతో లావాదేవీలు ఉండేవి. పాత దుకాణాల్లో వచ్చిన ఉత్తరాలను లావుపాటి తీగకు గుచ్చి గోడకు వేలాడదీసేవారు. ఏడాది తిరిగేసరికి అది కాగితాల దండ అయ్యేది. అటువంటి దండలు కొన్నింటిని నేను విప్పి చూశాను. కింది పొరల్లోని కవర్లకు తేమ తగలదు, ఎలుక తగలదు, రంగు నిన్న అచ్చువేసినట్టే ఉంటుంది. కానీ తీగ మాత్రం చాలాసార్లు సరిగ్గా స్టాంపు మధ్య నుంచే దిగి ఉంటుంది. కవరును ఎలా పట్టుకుని గుచ్చితే చేతికి అనువుగా ఉంటుందో అలా గుచ్చారు, అంతే. ఆ రంధ్రం చుట్టూ పాకిన తుప్పు మరకను చూసి స్టాంపు చెడిపోయిందనుకోకండి. అది ఒక దుకాణంలో నిజంగా చదివి, లెక్క చూసుకుని, గుచ్చిన కాగితమని రుజువు చేసే గుర్తు. అటువంటి కవరును నేను శుభ్రమైన కవరు కంటే ఎక్కువ గౌరవంతో దాచుకుంటాను.

రెండవ సమాధానం వకీళ్లు. ఇది నాకు మరింత ఆశ పుట్టించిన దారి. వరంగల్ ఆనాడు సుబాకు, అంటే కొన్ని జిల్లాలు కలిసిన పాలనా విభాగానికి, కేంద్రం. ములుగు, పరకాల, నర్సంపేట, మహబూబాబాదు, ఖమ్మం వైపు గ్రామాల భూమి తగాదాలన్నీ ఇక్కడి కచేరీలకు వచ్చేవి. ఖమ్మం 1953 దాకా వరంగల్ జిల్లాలో భాగమే. కచేరీ పంపే సమన్లు సర్కారు కాగితాలు, వాటికి ‘సర్కారీ’ ముద్ర బిళ్లలు సరిపోతాయి. కానీ ఒక పట్టాదారు తరఫున వకీలు ఎదుటివారికి ఇచ్చే నోటీసు ప్రైవేటు ఉత్తరం. దాన్ని చేరినట్టు రుజువు ఉండాలి కనుక రిజిస్టరు చేయించాలి, అంటే పెద్ద విలువ బిళ్ల కావాలి. అన్నిటికంటే ముఖ్యం, భూమికి సంబంధించిన కాగితాన్ని పల్లెలో ఎవరూ పారేయరు. పహాణీ నకళ్లతో, శిస్తు రసీదులతో కలిపి బట్టలో కట్టి పెట్టెలో పెడతారు. వరంగల్ ముద్ర పడిన మూడణాల కవరు ఎక్కడైనా మిగిలి ఉంటే అటువంటి మూటలోనే మిగిలి ఉంటుందని నా గట్టి నమ్మకం.

ఆ మూటల కోసం పరకాల, ములుగు వైపు గ్రామాలు తిరిగాను. చాలా చోట్ల నా ముందుకు వచ్చినవి నిజాం కాలపు స్టాంపు కాగితాలు, కోర్టు ఫీజు బిళ్లలు. అవి తపాలావి కావు. అయినా చూపించినవారి ముఖంలో ఉన్న ఉత్సాహానికి విలువిచ్చి ప్రతి కాగితాన్నీ చదివాను. చదివితే మంచిదే అయింది. వాటి మీది తారీఖులు ఫసలీలో, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్కలో ఉంటాయి. ఆజూర్ నెలతో, అంటే అక్టోబరులో, ఫసలీ సంవత్సరం మొదలవుతుంది. డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. తోరణం బిళ్ల కోసం వెతికేవారు 1357, 1358 ఫసలీ కాగితాలున్న మూటల దగ్గర ఎక్కువసేపు కూర్చోవాలి. ఏ మూటలో ఆ రెండేళ్ల కాగితాలు ఉన్నాయో అందులో వాటి కవర్లు కూడా ఉండే ఆశ ఉంది.

ఒక ఊళ్లో ఎనభై దాటిన ఒక అవ్వ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, సందుగ పెట్టె తెరిపించింది. లోపల ఎర్రబట్ట మూట, అందులో 1357 నాటి రసీదులు. నా చేతులు వణికిన మాట నిజం. వకీలు నోటీసు కూడా ఉంది, ఉర్దూలో, చక్కటి దస్తూరీతో, నాలుగు మడతలు వేసి. కవరు లేదు. “అవ్వా, ఇది వచ్చిన లిఫాఫా ఏమైంది?” అని అడిగాను. “నోటీసు మా మామ దాసిపెట్టుమన్నడు బిడ్డా, దాసినం. లిఫాఫాతోటి పనేముంటది? దాని మీది బొమ్మ మంచిగున్నదని మా మరిది గీక్కొని తీసుకపోయిండు, బల్లె సదువుకునేటప్పుడు” అన్నది.

ఆమె మాటల్లో ఈ అన్వేషణకు ఉన్న అసలైన అడ్డంకి ఉంది. బొమ్మ బాగున్నందుకే ఆ స్టాంపు కవరు నుంచి విడిపోయింది. పిల్లలు గీకారు, నీళ్లలో నానబెట్టారు, కత్తెరతో చుట్టూ కోసి నోటుపుస్తకంలో అన్నం మెతుకుతో అంటించారు. పిల్లలనే అనడమెందుకు, సేకరణ నేర్పే పెద్దలు కూడా చాలాకాలం అదే నేర్పారు: నానబెట్టు, ఆరబెట్టు, హింజుతో, అంటే చిన్న జిగురు కాగితం ముక్కతో, అంటించు. చార్మినార్ బిళ్ల అయితే ఇంకా వేలల్లో ఉన్నాయి, ఒకటి విడిపోతే నష్టం లేదు. కానీ స్వల్పకాలం వాడిన బిళ్ల విషయంలో, నానబెట్టిన ప్రతిసారీ ఒక ఊరి పేరు, ఒక తారీఖు, ఒక మనిషి చిరునామా నీళ్లలో కలిసిపోతాయి. చేతిలో మిగిలేది బజారులో కొనుక్కోగల బొమ్మ. నేను ఈ సభలో గట్టిగా చెప్పదలచుకున్న సంగతి ఇదే: పాత కవరు మీది స్టాంపును ఊడదీయకండి. స్టాంపు చినిగి ఉన్నా, కవరు మురికిగా ఉన్నా, తీగ గుచ్చిన బొక్క ఉన్నా, అలాగే ఉండనివ్వండి.

ఇంతకీ నా దగ్గర ఏముంది? ఒక ముక్క ఉంది. హనుమకొండలోనే ఒక ఇంటి పాత నోటుపుస్తకంలో దొరికింది. కవరులోంచి కత్తెరతో కోసిన చతురస్రం, బొటనవేలంత. మధ్యలో నీలి తోరణం, దాని కుడి మూల మీదుగా కింది కాగితం మీదికి దిగిన నల్లటి గుండ్రటి ముద్ర. ముద్రలో ఊరి పేరు మొదటి సగం ఇంగ్లీషు అక్షరాల్లో చదవవచ్చు, అది వరంగల్ తప్ప మరొకటి కావడానికి వీల్లేదు. ముద్ర కింది సగం, అంటే తారీఖు ఉండవలసిన భాగం, కత్తెర అవతల ఉండిపోయింది. ఎవరో పిల్లవాడు ఎంతో జాగ్రత్తగా, స్టాంపు అంచులోని ఒక్క పన్ను కూడా తెగకుండా కోశాడు. ఆ జాగ్రత్తే తారీఖును పోగొట్టింది. ఆ ముక్క ఈ పక్కబల్ల మీద ఉంది, విద్యార్థులు భూతద్దంతో చూడవచ్చు. చేత్తో మాత్రం తాకవద్దు, ట్వీజర్లు అక్కడే ఉన్నాయి.

ఇంత కోరికగా వెతికేవాడి ముందుకు నకిలీ సరుకు కూడా వస్తుంది. ఒకసారి ఒక వ్యాపారి నాకు పూర్తి కవరే చూపించాడు: తోరణం బిళ్ల, నిండు వరంగల్ ముద్ర, స్పష్టమైన తారీఖు. నేను కొనలేదు, ఎందుకో చెబితే మీకూ పనికొస్తుంది. స్టాంపు మీది ముద్ర గీత కవరు మీదికి వచ్చేచోట ఒకే వేగంతో, ఒకే వత్తిడితో సాగాలి. దాని మీద ఆ గీత స్టాంపు అంచు దగ్గర ఆగి, వెంట్రుకవాసి పక్కన మళ్లీ మొదలైంది. పాత సిరా డెబ్బై ఏళ్లలో కాగితం పోగుల్లోకి ఇంకి, వెనుకవైపు నుంచి చూస్తే లేతగా తెలుస్తుంది. ఇది కాగితం పైనే మెరుస్తోంది. వెనుకవైపు చేరిన ఊరి ముద్ర లేదు. రిజిస్టరు చీటీ లేదు, ఒక్క మూడణాల బిళ్ల ఏ లెక్కన అతికించారో చెప్పే ఆధారం ఏమీ లేదు. చిరునామా బాల్‌పెన్నుతో రాసి ఉంది. 1948లో ఈ ప్రాంతంలో ఉత్తరాలు రాసినవారు కలాన్ని సిరాలో ముంచి రాశారు, లేదా సిరా నింపిన పెన్నుతో రాశారు; ఆ గీతకు లావు సన్నాలుంటాయి, ఎండిన చోట అంచు చిక్కబడుతుంది. చవకగా దొరికే వాడని బిళ్ల, ఏదో పాత ఖాళీ కవరు, కొత్తగా చేయించిన రబ్బరు ముద్ర, ఈ మూడూ కలిస్తే అటువంటిది తయారవుతుంది.

నకిలీ, పునర్ముద్రణ అన్నవి నిజాం స్టాంపులకు కొత్త కావు. 1869, 1870 నాటి తొలి స్టాంపులను 1880లోనే మళ్లీ తెల్ల కాగితం మీద, అసలు లేని రంగుల్లో కూడా అచ్చువేశారు. వాటిని పట్టుకునే మార్గం అంచు పళ్లను కొలవడం. రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని రంధ్రాలున్నాయో చెప్పే కొలబద్ద ఉంటుంది. అసలువి పదకొండున్నర, 1880 నాటివి పన్నెండున్నర. ఆ ఒక్క రంధ్రం తేడా తెలియక ఎంతోమంది ఎక్కువ ధర పెట్టారు. కనుక విద్యార్థులు మొదట కొనవలసినది స్టాంపు కాదు, కొలబద్ద, భూతద్దం, కేటలాగు. ఇంకో మాట, ఉర్దూ చదవడం నేర్చుకోండి. ఈ జిల్లాల చరిత్ర సగం ఆ లిపిలో ఉంది. నేర్చుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది, చదివేవారు ఇంట్లో ఒక్కరున్నా ఆ మూటలన్నీ మాట్లాడతాయి.

దాచే పద్ధతి గురించి కూడా రెండు మాటలు. కవరును లామినేషన్ చేయించకండి, సెల్లోటేపు వేయకండి. టేపు జిగురు కొన్నేళ్లకు పసుపు మరకై కాగితం లోపలికి దిగుతుంది, ఇక పోదు. బజారులో దొరికే మెత్తటి ప్లాస్టిక్ సంచుల్లో పెడితే వేసవిలో అవి స్టాంపుకు అతుక్కుంటాయి. ఆమ్లం లేని కాగితంలో కానీ, గట్టి పాలియెస్టరు తొడుగులో కానీ పెట్టి, గోడకు తగలకుండా బీరువా మధ్య అరలో ఉంచండి. వానాకాలం పోయాక ఒకసారి తీసి నీడలో గాలి తగలనివ్వండి. డాంబర్ గోలీలు పెట్టేవారు అవి కాగితానికి తగలకుండా చూడాలి.

ఇక ముందు చేయవలసిన పని. నాందేడు, బీదరు వైపు ఉన్న సేకర్తలతో మాట్లాడుతున్నాను. అక్కడి పత్తి వ్యాపారుల ఇళ్లలో వరంగల్ నుంచి వెళ్లిన ఉత్తరాలు ఉండే ఆస్కారం ఎక్కువ. అదే విధంగా, మన దగ్గర పాత ఇళ్లలో మిగిలిన నాందేడు, బీదరు ముద్రల కవర్ల జాబితా తయారుచేసి వారికి పంపుతున్నాను, ఎందుకంటే వారి ఊళ్ల చరిత్ర మన అటకల మీద ఉంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం లేకపోతే ఎవరి వెతుకులాటా ముందుకు సాగదు.

మీలో గ్రామాల నుంచి వచ్చినవారు చాలామంది ఉన్నారు. ఇంట్లో తాతల నాటి భూమి కాగితాల మూట ఉంటే, పెద్దల అనుమతితో ఒకసారి విప్పండి. 1357, 1358 అన్న అంకెలున్న కాగితాలు, వకీలు నోటీసులు, వాటితో పాటు మడిచి పెట్టిన కవర్లు చూడండి. తోరణం బొమ్మ కనిపిస్తే కవరుకు ముందువైపు ఒకటి, వెనుకవైపు ఒకటి, లోపలి ఉత్తరానికి ఒకటి, ఇలా మూడు ఫోటోలు తీసి నిర్వాహకులకు పంపండి. నేను ఆ కవరును కొనడానికి రాను, అడగను కూడా. అది మీ ఇంటి కాగితం, మీ మూటలోనే ఉండాలి. ముద్రలోని ఊరి పేరు, తారీఖు చదువుకోవడానికి నాకు ఆ ఫోటోలు చాలు.